గేటు గుర్తుపట్టిన మనిషి

ఆ గేటుకు తలుపు లేదు. రెండు ఇనుప స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం, కుడి స్తంభానికి ఒక ఎర్ర దీపం, అంతే. దాని కింద నుంచి రోజుకు అరవైసార్లు నడవడం ఫిట్టరు ఉద్యోగం. చేరినప్పుడు ఎవరూ ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఇనుము కోసి, అతికించి, బోల్టులు బిగించే పని అన్నారు. అంతకు ముందు ఇరవై నాలుగేళ్ళు పనిచేసిన తాళాల ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభై దగ్గరపడ్డ మనిషికి పనెవరిస్తారని ఊరంతా కాళ్ళరిగేలా తిరిగి ఇక్కడికొచ్చి పడ్డాడు. తీరా చూస్తే ఇక్కడ తిరగడానికే జీతం. మొదట్లో ఇంటికెళ్ళి ఆ మాట భార్యకు చెబితే ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఎనిమిదేళ్ళు గడిచేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో ఇద్దరికీ గుర్తులేదు.

పనిచేసే చోటు ఒకప్పుడు బట్టల గోడౌను. పొడుగాటి హాలు, పైన రేకులు. ఎండాకాలం నెత్తి మాడిపోతుంది, వానాకాలం పక్కమనిషి మాట వినపడదు. హాలు మధ్యలో గేటు, దానికి అటు పన్నెండడుగులు, ఇటు పన్నెండడుగులు నేల మీద పసుపు గీత. ఆ గీతను ఇప్పటికి నాలుగుసార్లు మళ్ళీ వేశారు. అరగదీసినవి ఫిట్టరు చెప్పులే. హాలు చివర అద్దాల గదిలో మేడమ్ కూర్చునేది. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. భద్రత పరికరాలు కనిపెట్టేవాళ్ళకు ప్రభుత్వం ఒక నిధి పెట్టిందని తెలిసి, ఉన్న ఉద్యోగం వదులుకుని, ఎనిమిది మందిని పోగేసి ఈ కంపెనీ పెట్టింది. ఆ నిధికి పొడుగాటి పేరొకటి ఉంది గానీ, ఇక్కడ అందరూ ఉత్త ‘నిధి’ అనేవాళ్ళు, ఇంట్లో పెద్దాయన గురించి చెప్పుకున్నట్టు. నిధి ఇంకో కాగితం అడిగిందట. నిధికి ఈ పట్టిక నచ్చలేదట. నిధి వచ్చే నెల చూస్తానందట.

పరిశోధన చేద్దామని వచ్చిన మేడమ్, ఫిట్టరు కంటికి ఇంకా చిన్నపిల్లే, ఏడాదిలో ఏడు నెలలు దరఖాస్తులు రాస్తూ గడిపేది. ఎంత పని అయిందో నివేదిక, ఎందుకు ఆలస్యమైందో ఇంకో నివేదిక, ఆ నివేదిక ఆలస్యమైనందుకు సంజాయిషీ. మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, “బాబాయ్, మనం గేటు కనిపెడుతున్నామా, కాగితాలు కనిపెడుతున్నామా?” అనేది. అక్కడ అందరికీ ఫిట్టరు బాబాయే. “నేను నడుస్తున్నానమ్మా. మీరేం కనిపెడుతున్నారో నాకేం తెలుసు?” అనేవాడు ఆయన.

నిజానికి ఆయనకు తెలుసు. బట్టల కింద బరువైన వస్తువు దాచుకున్నవాడి నడక కొంచెం మారుతుందట. మనకు కనపడనంత కొంచెం. స్తంభాల్లో కూర్చున్న యంత్రం ఆ తేడాను పట్టుకుని కీచుమని మోగాలి, దీపం వెలగాలి. దానికి ముందు యంత్రానికి చదువు చెప్పాలి. ఇది ఉత్త చేతుల నడక, ఇది బరువున్న నడక అని వేలకు వేలు చూపిస్తే, తేడా ఏమిటో అదే నేర్చుకుంటుంది. ఏం నేర్చుకుందో మాత్రం నోరు విప్పి చెప్పదు.

బరువంటే, తుపాకి ఆకారంలో పోత పోసిన సీసపు ముద్ద. కాలదు, పేలదు. అయినా నిధి నిబంధనలు దాన్ని అసలు తుపాకితో సమానంగా చూశాయి. తాళం వేసిన బీరువాలో ఉండాలి. తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ రిజిస్టర్లో సంతకం పడాలి. పర్మనెంటు ఉద్యోగి తప్ప ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ మర్యాదలు చూసి, సోల్డరింగ్ చేసే ఆవిడ, అందరూ అక్క అనే మనిషి, దానికి ‘అల్లుడుగారు’ అని పేరు పెట్టింది. పొద్దున్నే ఫిట్టరు బీరువా తాళం తీస్తుంటే, “అల్లుడుగారు లేచారా బాబాయ్? కాఫీ ఏమైనా కావాలంటారా?” అని కేకేసేది. హాలంతా నవ్వేది.

పర్మనెంటు ఉద్యోగుల్లో చేతిలో పని ఆపుకుని నడవగలిగినవాడు ఫిట్టరొక్కడే. కాబట్టి అల్లుడుగారిని నడుముకు దోపుకుని నడిచిందెప్పుడూ ఆయనే. ఉత్త చేతులతో నడవడానికి రోజుకూలికి కాలేజీ పిల్లలు, పక్క వీధిలో దుకాణాలవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎనిమిదేళ్ళూ ఇదే పద్ధతి. నిబంధన తు.చ. తప్పకుండా పాటించారు. ప్రతి నివేదికలోనూ ఆ మాట మొదటి పేజీలోనే ఉంటుంది.

ఫిట్టరు ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. చేరిన ఏడాదే, మొట్టమొదటి గేటును నిలబెడుతుంటే దూలం జారి మోకాలి మీద పడింది. అతుక్కుంది గానీ మునుపటిలా అతుక్కోలేదు. ఎడమ కాలు వేసేటప్పుడు ఒళ్ళు కాస్త పక్కకు ఒరుగుతుంది. ఆ కుంటు ఆయనకు అలవాటైపోయింది, చూసేవాళ్ళకూ అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్క యంత్రానికే అని అప్పటికి ఎవరికీ తోచలేదు.

నిధి ఇచ్చిన రెండో విడత డబ్బుతో ఒక గేటును పెద్ద ఆస్పత్రి గుమ్మంలో పెట్టారు, జనంలో ఎలా పనిచేస్తుందో చూద్దామని. ఫిట్టరే వెళ్ళి బిగించి వచ్చాడు. ఇంటికొచ్చి గర్వంగానే చెప్పుకున్నాడు. ఆ మరుసటి నెలలోనే భార్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ప్రాణానికి ముప్పు లేదు, చెయ్యి మాత్రం భుజం దాకా లేవదు. ప్రతి మంగళవారం వ్యాయామానికి తీసుకురమ్మన్నారు, అదే ఆస్పత్రికి. మేడమ్ మంగళవారం పొద్దుటి పూట సెలవిచ్చింది.

మొదటి మంగళవారం ఆయన దూలం కింద నుంచి నడవగానే గేటు మోగింది. గార్డు జేబులు తడిమి చూస్తే తాళంచెవులు, కళ్ళజోడు. “మీ గేటు మిమ్మల్నే పట్టుకుందే!” అని భార్య నవ్వింది. రెండో వారం తాళంచెవులు ఇంట్లో వదిలేశాడు. మోగింది. మూడో వారం బెల్టు తీసేశాడు. మోగింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు గొణగడం, పిల్లలు వింతగా చూడడం, గార్డు “చేతులెత్తండి పెద్దాయనా” అనడం మామూలైపోయింది. నాలుగో నెల వచ్చేసరికి, గార్డు అడగకముందే ఆయన చేతులు రెండూ వాటంతట అవే పక్కలకు లేచేవి. భార్య నవ్వడం ఎప్పుడో మానేసింది. ఆయన చేతులెత్తి నిలబడినంతసేపూ ఆమె గోడ మీది బోర్డు చదువుకునేది.

ఒక మంగళవారం ఆమెను వ్యాయామం గదిలోకి పంపి, ఫిట్టరు గేటు ఎదురుగా బల్ల మీద కూర్చుని గంటసేపు కన్నార్పకుండా చూశాడు. వందల మంది వెళ్ళారు. పెద్ద పెద్ద సంచులు మోసుకుంటూ వెళ్ళినవాళ్ళకు మోగలేదు. ముగ్గురికి మోగింది. మోకాలికి కట్టు కట్టుకున్న తాపీమేస్త్రీ ఒకడు. తుంటి నొప్పితో ఒరిగి ఒరిగి నడుస్తున్న ముసలమ్మ ఒకామె. పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టిదైన ఒక టీచరమ్మ. గార్డు ముగ్గురినీ పక్కకు పిలిచి తడిమి చూశాడు. ముసలమ్మ మందుల చీటీ చేతిలో పట్టుకుని, “నేనేం చేశాను నాయనా?” అని అడుగుతూనే ఉంది.

“కుంటేవాళ్ళకు మోగుతుందండీ, అందులోనూ ఎడమ కాలైతే మరీను. మాకు అలవాటే,” అన్నాడు గార్డు.

 మర్నాడు మధ్యాహ్నం హాల్లో అందరూ భోజనాల దగ్గర ఉండగా, ఫిట్టరు బీరువా తాళం తియ్యకుండా, జేబులో చేతిగుడ్డ కూడా లేకుండా వచ్చి పసుపు గీత మీద నిలబడ్డాడు. అప్పుడు తట్టింది ఆయనకు. ఎనిమిదేళ్ళలో ఆ గీత మీద ఉత్త చేతులతో తను ఒక్కసారి కూడా నడవలేదు. నడిచాడు. గేటు కీచుమంది, ఎర్రగా వెలిగింది. మళ్ళీ నడిచాడు. మళ్ళీ మోగింది. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అక్క వెనక్కి తిరిగి, “ఏంటి బాబాయ్, అల్లుడుగారు భోజనం మానేశారా?” అంది. ఆయన నేరుగా అద్దాల గదికి నడిచాడు.

మేడమ్‌కు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, ఆమెకు అర్థం కావడానికి అంత కూడా పట్టలేదు. 

“అది నేర్చుకుంది బరువును కాదు బాబాయ్. నిన్ను.”

“నన్ను కాదమ్మా, నా కాలిని. అక్కడ పాపం ఆ ముసలమ్మను...”

“తెలుసు. ఆగు. నన్ను కాస్త ఆలోచించుకోనీ.” బల్ల మీది క్యాలెండరు ముందుకు లాక్కుంది. “నిధి కమిటీ పదిహేను రోజుల్లో వస్తోంది. గేటు పని చేస్తుందని చూపిస్తే మూడో విడత వస్తుంది. అది రాగానే కొత్త మనుషుల్ని పెడతాను, నిబంధన మార్చమని రాస్తాను, అంతా మొదట్నుంచి చేయిస్తాను. ఇప్పుడు నోరు విప్పితే మూడో విడతా లేదు, మనమూ లేము. ఎనిమిది ఇళ్ళు బాబాయ్.”

“మూడో విడత వస్తే ముందు గేట్లు పెట్టమంటారు కదమ్మా. బస్టాండ్లలో, ఆస్పత్రుల్లో. మీరే చెప్పారు.”

 “సరిచేశాకే పెడదాం,” అంది మేడమ్. సరిచెయ్యడానికి నిధి ఎప్పుడూ టైమివ్వలేదని ఇద్దరికీ తెలుసు. ఆమె దొంగ కాదు. అలిసిపోయింది, అంతే. అలిసిపోయిన మనిషితో వాదించే ఓపిక ఆయనకూ లేదు. “సరేనమ్మా,” అని వచ్చేశాడు. రిటైరు కావడానికి మూడేళ్ళుంది. ఈ వయసులో ఇంకో పని వెతుక్కుంటూ తిరగాలనే ఆలోచనకే మోకాలు సలిపింది.

కమిటీ వచ్చిన రోజు మంగళవారమైంది. పొద్దున్నే ఫిట్టరు ఉతికిన చొక్కా వేసుకుంటుంటే భార్య వంటింటి గుమ్మంలోంచి, “ఇవాళ మా చెల్లెల్ని తోడు రమ్మన్నాను. ఇకనుంచి తనే తీసుకెళ్తుందిలెండి,” అంది.

“ఇవాళంటే సరే, కమిటీ ఉంది. ఇకనుంచి ఎందుకు?”

ఆమె ఎడమ చేత్తో కుడి చేతిని ఒళ్ళోకి సర్దుకుంది. “అందరిముందూ మీరు చేతులెత్తి నిలబడుతుంటే చూడలేకపోతున్నానండీ. ఒకాయన పక్కనున్న పిల్లాణ్ణి లాక్కున్నాడు పోయినవారం, మీకు తగలకుండా. మీరు చూళ్ళేదు.”

ఆయన చూశాడు. ఆమె చూడలేదనుకున్నాడు.

కమిటీలో ముగ్గురొచ్చారు. మాట్లాడే ఛైర్మను, రాసుకునే ఒకతను, ఏమీ మాట్లాడకుండా అన్నీ చూసే ఒక పెద్దావిడ, రిటైరైన ఇంజినీరట. మేడమ్ గోడ మీద పట్టికలు చూపించింది. నూటికి తొంభై ఏడుసార్లు గేటు సరిగ్గా చెప్పింది. ఛైర్మను తలాడించాడు. తరవాత కాలేజీ పిల్లలు ఐదుగురు ఉత్త చేతులతో నడిచారు. గేటు నోరు మెదపలేదు. ఛైర్మను ఇంకోసారి తలాడించాడు. మేడమ్ ఫిట్టరు వైపు చూసింది.

ఆయన బీరువా దగ్గరకు వెళ్ళి తాళం తీశాడు. అల్లుడుగారు ఎప్పటిలాగే పడుకుని ఉన్నారు. రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, పెన్ను సంతకం గడి మీద పెట్టాడు. ఆ పేజీలో తన సంతకాలే పైనుంచి కిందికి, ముందు పేజీలోనూ తనవే, దాని ముందు పేజీలోనూ తనవే. ఇంకొకరి చెయ్యి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. తప్పంతా అక్కడే, అందరి కళ్ళముందే, ఎనిమిదేళ్ళుగా రాసి పెట్టి ఉంది. పెన్ను మూసి, బీరువా తలుపు దగ్గరికి వేసి, గీత మీదికొచ్చాడు.

నడిచాడు. గేటు కీచుమంది. దీపం వెలిగింది. రాసుకునేవాడు చప్పట్లు కొట్టబోయి, ఛైర్మను కొడుతున్నాడా లేదా అని చూసి, అప్పుడు కొట్టాడు.

“బాగుంది! ఎక్కడ దాచారు? తీసి చూపించండి,” అన్నాడు ఛైర్మను.

ఫిట్టరు ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగాడు. చొక్కా జేబు లాగాడు. చొక్కా పైకెత్తి నడుము చూపించాడు, అలవాటైన మనిషి కదా, వరసగా అన్నీ చూపించాడు. “ఏమీ లేదండీ. అది బీరువాలోనే ఉంది.”

 మేడమ్ కళ్ళు మూసుకుంది. పెద్దావిడ మొదటిసారి నోరు తెరిచి, “మళ్ళీ నడవండి,” అంది. నడిచాడు, మోగింది. “మళ్ళీ.” మోగింది. ఆవిడ ఆయన కాలి వైపు చాలాసేపు చూసింది. “ఇప్పుడు ఆ వస్తువు ఈ అమ్మాయికివ్వండి,” అని కాలేజీ పిల్లను చూపించింది.

“పర్మనెంటు ఉద్యోగి తప్ప ముట్టుకోకూడదండీ. మీ నిబంధనే,” అన్నాడు ఫిట్టరు.

“నా పూచీ,” అంది ఆవిడ.

ఆ అమ్మాయి సీసపు తుపాకిని నడుముకు దోపుకుని, భయం భయంగా గేటు కింద నుంచి నడిచి అవతలికి వెళ్ళింది. దీపం వెలగలేదు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, తనేమైనా తప్పు చేశానా అన్నట్టు అందరి ముఖాలూ చూసింది. 

వాళ్ళు వెళ్ళాక మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. “నన్నొక్కమాట అడిగి చెయ్యాల్సింది బాబాయ్,” అంది.

“అడిగాను కదమ్మా.”

ఆమె చాలాసేపు బల్ల మీది కాగితాలను దొంతరగా సర్దింది. “అవును. అడిగావు,” అంది.

నెలన్నర తరవాత ఉత్తరం వచ్చింది. మూడో విడత లేదు. గేటులో లోపం ఎలా వచ్చిందో ఏడాదిపాటు పరిశోధించడానికి మాత్రం నిధి కొంత ఇస్తుందట, నలుగురి జీతాలకు సరిపడా. ఆస్పత్రి గేటును వెంటనే ఆపెయ్యాలట. పర్మనెంటు ఉద్యోగే ముట్టుకోవాలన్న నిబంధన గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మేడమ్ దాన్ని మార్చమని వేరే దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది. యంత్రానికి చెప్పే కొత్త చదువులో పాత నడక కలవకూడదు కాబట్టి ఫిట్టరు ఇక గీత మీద కాలు పెట్టకూడదు. ఇనుము పనికి ఉంచుకుంది. పోయిన నలుగురిలో అక్క ఉంది.

ఆఖరి రోజు ఆమె టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని ఆయన బల్ల దగ్గరికొచ్చింది. “నీ కాలి కోసం నా పొట్ట కొట్టావు బాబాయ్,” అంది, గొంతు పెంచకుండా. ఆ ముసలమ్మ సంగతి, టీచరమ్మ సంగతి చెబుదామనుకున్నాడు. ఆమె ఇద్దరు పిల్లల బడి సంగతి తనకు తెలుసు. ముసలమ్మ ఎవరో ఈమెకు తెలియదు.  అక్క బీరువా వైపు చూసి, “అల్లుడుగారిని అడిగానని చెప్పు,” అని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఆ బీరువా ఎవరు తెరిచినా హాల్లో ఎవరూ నవ్వలేదు. చేసింది తప్పో ఒప్పో ఫిట్టరుకు నేటికీ తేలలేదు. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ జేబులే చూపిస్తాడని మాత్రం తెలుసు, అదే ఆయన్ను ఎక్కువ అలసిపోయేలా చేసేది.

అక్క వెళ్ళిపోయిన తరవాతి మంగళవారం, “పదండి, మనమే వెళ్దాం,” అంది భార్య. చెల్లెలి ఊసెత్తలేదు.

ఆస్పత్రి గుమ్మంలో గేటు ఇంకా అలాగే ఉంది. వైర్లు పీకేశారు గానీ, స్తంభాలు ఎవరు తియ్యాలో చెప్పే కాగితం ఇంకా రాలేదట. జనం దాని కింద నుంచే పోతున్నారు, వస్తున్నారు. గార్డు కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. ఫిట్టరు భార్యను ఎడమ పక్కన నడిపించుకుంటూ వచ్చాడు. దూలం కిందికి రాగానే ఆగిపోయాడు. చేతులు రెండూ పక్కలకు లేచాయి.

ఎవరూ వెతకడానికి రాలేదు. వెనకున్నవాళ్ళు ఆయన్ను తప్పుకుని అటునుంచీ ఇటునుంచీ వెళ్ళిపోతున్నారు. ఆయన అలాగే నిలబడ్డాడు.

“ఏవండీ,” అంది భార్య. “అది చచ్చిపోయిందండీ. దించండి.”

 ఆమె బాగున్న చేత్తో ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లిగా కిందికి లాగింది. ఒకటి దిగింది. అటు తిరిగి రెండోది కూడా దించింది.

“నాది లేవదు, మీది దిగదు,” అంది. “బాగానే కుదిరాం ఇద్దరం. నడవండి, టైమైపోతోంది.”